మనసు గాయపడిన పిల్లలకు అందరూ కలిసి అండగా నిలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కన్నవాళ్ల దగ్గర ఉండే వీల్లేక హోమ్‌లోనో, ఫోస్టర్ కుటుంబంలోనో (కొంతకాలం పిల్లను తమ ఇంట్లో పెట్టుకుని చూసుకునే కుటుంబం), బంధువుల ఇంట్లోనో పెరుగుతున్న పిల్లల గురించి ఈ పేజీ. వాళ్లను చూసుకునేవాళ్లు, టీచర్లు, సోషల్ వర్కర్లు, కౌన్సెలర్లు ఏళ్ల తరబడి నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. పిల్లల ఉదంతాలు చెప్పిన చోట వాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను.

ట్రామా అంటే ఏమిటి? కష్టం చూసిన ప్రతి పిల్లా ట్రామాలో ఉన్నట్టేనా?

తన ప్రాణానికో, ఒంటికో, తను నమ్ముకున్న మనిషికో ముప్పు వచ్చి, అది ఆ వయసులో తట్టుకోగలిగినదాన్ని మించిపోతే, లోపల మిగిలే గాయాన్ని ట్రామా అంటాం. దెబ్బలు, లైంగిక హింస, కళ్లెదుట కొట్లాటలు అందరికీ తడతాయి. నెలల తరబడి ఎవరూ పట్టించుకోకపోవడం, ఏడిస్తే ఎత్తుకునే చేతులు లేకపోవడం కూడా గాయమే. దానికి మచ్చ కనబడదు కాబట్టి ఎక్కువగా వదిలేసేది దాన్నే.

కష్టపడ్డ ప్రతి పిల్లకీ జబ్బు వస్తుందని కాదు. పక్కన నమ్మకమైన పెద్దమనిషి ఒక్కరున్నా చాలామంది కోలుకుంటారు. పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక సమస్య) అనే పేరు 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలోకి వచ్చింది. అప్పట్లో ముందు తలుచుకున్నది యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులను. కాపాడాల్సినవాళ్లే మళ్లీ మళ్లీ గాయపరిచిన పిల్లల పరిస్థితి ఆ చట్రంలో పూర్తిగా ఇమడలేదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లో కాంప్లెక్స్ పీటీఎస్‌డీని విడిగా చేర్చారు. పీడకలలు, ఉలికిపాటుతో పాటు మూడు సంగతులు అందులో ఉంటాయి: ఉద్వేగాలు అదుపులో లేకపోవడం, నేను పనికిరానిదాన్ని అన్న భావన పాతుకుపోవడం, మనుషులతో దగ్గరగా ఉండలేకపోవడం. హోమ్‌లో పనిచేసేవాళ్లు ఈ మూడూ చదవగానే ఏదో ఒక ముఖం గుర్తుకొస్తుందంటారు.

ఇప్పుడు భద్రంగానే ఉన్నాడు కదా, ఇంకా ఎందుకిలా చేస్తున్నాడు?

భద్రంగా ఉన్నాడని మనకు తెలుసు. వాడి ఒంటికి ఇంకా తెలియదు. ప్రమాదం మధ్య పెరిగిన పిల్లలు అలికిడిని ముందే పసిగట్టడం, ముఖాలు చదవడం, పారిపోయే దారి చూసిపెట్టుకోవడం నేర్చుకుంటారు. అక్కడ ప్రాణాలు నిలబెట్టింది ఆ నేర్పే. చోటు మారిన మర్నాడే అది వదిలిపోదు.

ఎనిమిదేళ్ల అబ్బాయి ఒకడు హోమ్‌కి వచ్చిన రోజు నుంచీ బూట్లు వేసుకునే పడుకునేవాడు. విప్పమంటే పెద్ద గొడవ. ఫైల్లో మొండివాడని రాశారు. రాత్రి డ్యూటీలో ఉండే ఆయా మాత్రం ఇంకో సంగతి గమనించింది. లేసులు రెండేసి ముళ్లు వేసుకుంటాడు, బ్యాగు మంచానికి ఆనించుకుంటాడు, ఎప్పుడూ తలుపు వైపే తిరిగి పడుకుంటాడు. పాత కాగితాలు తిరగేస్తే అప్పుడు తెలిసింది, అంతకుముందు రెండుసార్లు వాణ్ని చోటు మార్చింది రాత్రి పూటే. నిద్రలోంచి లేపి కారెక్కించారు. ఒకసారి కాళ్లకు ఏమీ లేకుండానే. వాడు మొండికేయడం లేదు, బయల్దేరడానికి సిద్ధంగా ఉంటున్నాడు.

తిండి దాచుకోవడం, అక్కర్లేని చోట కూడా అబద్ధం చెప్పడం, ముట్టుకుంటే ఉలిక్కిపడటం, ముక్కూమొహం తెలియనివాళ్ల ఒళ్లోకి ఎక్కేయడం, ఏమీ పట్టనట్టు రాయిలా కూర్చోవడం... ఇలాంటివి చూసినప్పుడు నేను ఒకటే అడుగుతాను: ఈ పని వీడికి ఎక్కడ, ఎప్పుడు పనికొచ్చి ఉంటుంది? జవాబు దాదాపు ఎప్పుడూ పాత ఇంట్లో దొరుకుతుంది.

టీచరుంది, కౌన్సెలరుంది, సోషల్ వర్కరుంది. ఇంకా సమన్వయం అంటే ఏం చేయాలి?

అందరూ ఉంటారు. ఎవరి ఫైలు వాళ్ల దగ్గర ఉంటుంది. చిక్కంతా అక్కడే.

పదకొండేళ్ల అమ్మాయి ఒకతి ప్రతి గురువారం స్కూల్లో ఏదో ఒక గొడవ చేసేది. ఆ రోజు లెక్కల క్లాసు రెండు పీరియడ్లు ఉంటుంది కాబట్టి లెక్కలంటే భయమేమో అనుకుంది టీచర్. ఫోస్టర్ అమ్మకు తెలిసింది, బుధవారం రాత్రి పిల్ల నిద్రపోదని. సోషల్ వర్కర్ డైరీలో ఉన్నది, బుధవారం సాయంత్రం కన్నతల్లితో కలిసే టైమని, ఆరుసార్లలో నాలుగుసార్లు ఆమె చివరి నిమిషంలో రాలేదని. కౌన్సెలర్ దగ్గరికి పిల్ల వెళ్లేది గురువారం పొద్దున. అక్కడ నోరు విప్పేది కాదు. "సహకరించడం లేదు" అని ఆమె రాసుకుంది.

నలుగురి దగ్గరా నాలుగు ముక్కలున్నాయి. అందరూ ఒక చోట కూర్చున్నది నలభై నిమిషాలు. కలిసే రోజును శనివారానికి మార్చారు. తల్లి బయల్దేరానని ఫోన్ చేశాకే పిల్లకు చెప్పాలని, రాని రోజు ఆ సంగతి ఫోస్టర్ అమ్మే పక్కన కూర్చుని చెప్పాలని అనుకున్నారు. కౌన్సెలింగ్ మంగళవారానికి వెళ్లింది. తల్లి రాని వారం తర్వాత స్కూల్లో ఒక గంట లైబ్రరీలో కూర్చోవచ్చని టీచర్ ఒప్పుకుంది. గొడవలు పూర్తిగా ఆగిపోయాయని చెప్పను. కానీ జరిగినప్పుడు ఎందుకో తెలిసిన మనిషి ఆ గదిలో ఉండటం మొదలైంది.

సమన్వయం అంటే ఇంతే. పిల్ల తన కథను ఆరుగురికి ఆరుసార్లు చెప్పుకునే అవసరం లేకుండా పెద్దలు తమలో తాము చెప్పుకోవడం. రెండోది, ఒకరు దగ్గరికి తీసుకుని ఇంకొకరు శిక్షించకుండా, అన్ని చోట్లా ఒకే తీరు మనుషులు పిల్లకు ఎదురయ్యేలా చూడటం.

టీంలో ఎవరెవరు ఉండాలి?

రోజూ పిల్లతో ఉండేవాళ్లు ముందు. తర్వాత సోషల్ వర్కర్, స్కూలు నుంచి ఒకరు, థెరపీ జరుగుతుంటే ఆ థెరపిస్టు, అవసరాన్ని బట్టి పిల్లల డాక్టరు. పిల్ల నమ్మిన మనిషి ఎవరైనా ఉంటే, వంటమనిషైనా, ఆటల కోచ్ అయినా, వాళ్లు కూడా. పదిమందికి మించితే అది మీటింగ్ కాదు, సభ.

అందరినీ కలిపి నడిపేది ఎవరు?

పేరు పెట్టి చెప్పగలిగే ఒక్క మనిషి. "మేమంతా చూసుకుంటాం" అంటే ఎవరూ చూసుకోరు. సాధారణంగా సోషల్ వర్కరే ఈ పని చేస్తారు, కానీ హోదా కంటే ఎక్కువకాలం నిలిచి ఉండేవాళ్లెవరన్నది ముఖ్యం. ఆ మనిషి సెలవు పెడితే ఎవరు చూస్తారో కూడా ముందే రాసి ఉండాలి. సంరక్షణలో ఉన్న పిల్లలు సోషల్ వర్కర్లు మారిపోవడాన్ని ఒక్కొక్క ఎడబాటులా లెక్కపెట్టుకుంటారు. వెళ్లే మనిషి ఫైలు ఒక్కటే అప్పగించి వెళ్లిపోకూడదు. కొత్త మనిషిని వెంటబెట్టుకుని వచ్చి పరిచయం చేసి, వీడ్కోలు చెప్పి వెళ్లాలి.

మీటింగులో పిల్లవాడు కూర్చోవాలా?

వాడికి ఇష్టమైతే, కొంతసేపు. తనకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు, దాన్ని వయసుకూ పరిపక్వతకూ తగ్గట్టు లెక్కలోకి తీసుకోవాలన్న నియమం 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణలోనే ఉన్నాయి. అయితే ఎనిమిదిమంది పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని తన తప్పుల చిట్టా చదువుతుంటే వినడం హక్కు కిందికి రాదు. చాలామంది పిల్లలు ముందురోజు నమ్మిన మనిషితో కూర్చుని చెప్పాల్సింది బొమ్మగానో, చీటీగానో, ఫోన్లో రికార్డు చేసో పంపుతారు. మీటింగ్ దానితోనే మొదలవ్వాలి. చివర్లో టైముంటే చూద్దామంటే ఆ టైము ఎప్పటికీ రాదు. ఏం నిర్ణయించారో అదే రోజు వాడికి తెలియాలి. అడిగింది కుదరకపోతే ఎందుకు కుదరలేదో కూడా చెప్పాలి.

ఎవరికి ఎంత చెప్పాలి? గోప్యత సంగతేమిటి?

తన పనికి ఎంత అవసరమో అంత. తండ్రి ఏం చేశాడో టీచర్‌కు తెలియనక్కర్లేదు. ఎవరో తలుపు ధడేలున వేస్తే పిల్ల బల్ల కింద దూరుతుందని, స్కూలు నుంచి ఎవరు మాత్రమే తీసుకెళ్లవచ్చో, కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి.

ఒక్క పేజీ కాగితం ఇందుకు బాగా పనికొస్తుంది. పిల్లతో కూర్చుని, పిల్ల మాటల్లోనే రాసినది. ఒకమ్మాయి రాయించినది ఇలా ఉంది: "వెనక నుంచి భుజం మీద చెయ్యి వేయొద్దు. నేను బల్ల కింద ఉంటే లాగొద్దు, పక్కన కూర్చోండి, ఏమీ అడగొద్దు. నీళ్లు ఇస్తే తాగుతాను. అమ్మ గురించి క్లాసులో అడగొద్దు." ఇరవై పేజీల రిపోర్టు చదివే తీరిక లేని టీచర్ కూడా దీన్ని చదువుతుంది. ఈ కాగితం ఎవరెవరి దగ్గర ఉందో పిల్లకు చెప్పాలి.

పిల్లకు హాని జరుగుతోందన్న అనుమానం ఉంటే మాత్రం గోప్యత పేరుతో ఊరుకోకూడదు. చట్టప్రకారం చెప్పాల్సిన చోట చెప్పి తీరాలి.

ముందు కాస్త స్థిరపడనిచ్చి, తర్వాత థెరపీ మొదలుపెడదామా?

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. చెప్పేవాళ్లది మంచి ఉద్దేశమే. కానీ "స్థిరపడ్డాక" అంటూ రెండేళ్లు గడుస్తాయి, ఈలోగా గాయం వల్లే ఆ పిల్ల ఎక్కడా స్థిరపడలేకపోతుంది. తెల్లారితే ఎక్కడుంటుందో తెలియని పిల్లతో గాయం లోతుల్లోకి వెళ్లకూడదన్నది నిజం. అయితే నిద్ర, భయం, ఊపిరి, పీడకలలు వీటి మీద పని మొదటి వారం నుంచే మొదలుపెట్టవచ్చు. కోర్టు కేసు నడుస్తోందని చికిత్స ఆపడం కూడా తప్పే. పీటీఎస్‌డీకి చికిత్సను కోర్టు వ్యవహారాల కోసం వాయిదా వేయవద్దని బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది.

పిల్లల్లో ఎక్కువ ఆధారాలున్నది ట్రామాపై దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి (ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే మాటల చికిత్స). దీన్నే టీఎఫ్-సీబీటీ అంటారు. మామూలుగా 12 నుంచి 16 సెషన్లు పడుతుంది, గాయాలు లోతైనవైతే ఇంకా ఎక్కువ. ఇందులో చూసుకునే పెద్దలకు కూడా సెషన్లుంటాయి, మంచి ఫలితాలకు ఒక కారణం అదేనని నా నమ్మకం. కొంతమంది పిల్లలకు, చేదు జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే ఈఎమ్‌డీఆర్ అనే పద్ధతి కుదురుతుంది. మరీ చిన్నపిల్లలకైతే చికిత్స చాలావరకు పెద్దలతోనే జరుగుతుంది, పిల్ల పంపే సంకేతాలను ఎలా అందుకోవాలో వాళ్లకు నేర్పడమే ఆ పని.

వారంలో ఉన్నవి 168 గంటలు. అందులో థెరపిస్టు దగ్గర గడిచేది ఒకటి. మిగతా 167 గంటల్లో పక్కనున్నవాళ్లకు ఏమీ చెప్పకుండా థెరపీ ఒక్కటే పనిచేయాలనుకోవడం అన్యాయం.

మందులు వాడితే తగ్గదా?

అవే నైస్ మార్గదర్శకాలు 18 ఏళ్లలోపు వాళ్లకు పీటీఎస్‌డీ చికిత్స కోసమని మందులు ఇవ్వవద్దంటాయి. పక్కనే తీవ్రమైన డిప్రెషన్ లాంటి వేరే సమస్య ఉంటే పిల్లల సైకియాట్రిస్టు నిర్ణయిస్తారు. ఇప్పటికే వాడుతున్న మందును మీ అంతట మీరు ఆపేయకండి.

స్కూల్లో ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవక, కుదురుగా ఉండలేకపోయే సమస్య) అంటున్నారు. నిజమేనా?

కావచ్చు, అది కాక ట్రామా కావచ్చు, రెండూ ఉండవచ్చు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి: ఒక చోట కూర్చోడు, వినడు, మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు. ట్రామా ఉన్న పిల్ల కిటికీ వైపు చూసేది చాలాసార్లు ఎవరొస్తున్నారోనని. అంచనా వేసే డాక్టరుకు పిల్ల గతం తెలిసి ఉండాలి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరున్నప్పుడు ఇలా ఉంటాడన్న వివరాలు ఇంటి నుంచీ స్కూలు నుంచీ కూడా వెళ్లాలి. పది నిమిషాల పరీక్షతో తేల్చే విషయం కాదిది.

ఏసీఈ స్కోరు (చిన్నతనంలో ఎదురైన కష్టాల రకాల లెక్క) చూస్తే పిల్ల పరిస్థితి తెలిసిపోతుందా?

తెలియదు. 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అమెరికాలో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చిందిది. మొత్తం 17 వేల మందికి పైగా పెద్దలను చిన్నతనంలో ఎదురైన కష్టాల గురించి అడిగారు. కష్టాల రకాలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక జబ్బుల ముప్పు కూడా పెరిగిందని తేలింది. అది జనాభా మొత్తానికి చెప్పిన మాట. ఒక్క పిల్ల భవిష్యత్తును ఆ అంకెతో లెక్కకట్టవద్దని 2020లో ఆండాయే సహ రచయితలతో కలిసి హెచ్చరించారు. ఫైలు మీద "స్కోరు 7" అని రాసి ఉంటే, కొత్తగా వచ్చినవాళ్లు పిల్ల కంటే ముందు ఆ ఏడునే చూస్తారు.

కోపంతో ఊగిపోతున్నప్పుడు ఏం చేయాలి?

తక్కువ మాటలు, తగ్గించిన గొంతు, కాస్త దూరం, ఖాళీగా ఉన్న తలుపు దారి. బ్రూస్ పెర్రీ అనే సైకియాట్రిస్టు చెప్పే వరుస గుర్తుపెట్టుకుంటే చాలు: ముందు ఒళ్లు శాంతించాలి, తర్వాత మనిషితో మళ్లీ కలవాలి, ఆ తర్వాతే మంచీచెడూ చెప్పడం. మనం దాదాపు ఎప్పుడూ మూడోదానితో మొదలుపెడతాం. పగలగొట్టిన దాని గురించి తప్పకుండా మాట్లాడాలి, కానీ మర్నాడు. ఒంటరి గదిలో పెట్టి తలుపేయడం మాత్రం వద్దు. ఒకప్పుడు వాడికి జరిగిందే అది అయ్యుండవచ్చు.

పిల్ల ఉన్నట్టుండి జరిగింది చెప్పడం మొదలుపెడితే?

చేస్తున్న పని ఆపి వినండి. కానీ ఫైల్లో ఖాళీలు పూరిస్తున్నట్టు ప్రశ్నలు వేయకండి. "అతనే కదా చేసింది" లాంటి మాటలు అసలొద్దు, పిల్ల సాక్ష్యం తర్వాత కోర్టులో నిలబడకపోవచ్చు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు. "చెప్పినందుకు మంచి పని చేశావు, నిన్ను కాపాడటానికి నేను ఒకరిద్దరికి చెప్పాలి, ఎవరికో నీకు చెబుతాను" అనండి. అయిపోగానే పిల్ల వాడిన మాటల్నే తేదీ, సమయంతో రాసి పెట్టి, సంబంధిత అధికారికి అదే రోజు తెలియజేయండి. పిల్లలు ఇలాంటివి మనం కారు నడుపుతున్నప్పుడో, గిన్నెలు కడుగుతున్నప్పుడో చెబుతారు, మన కళ్లలోకి చూడక్కర్లేని టైములో. కాబట్టి డ్రైవరుకూ వంటమనిషికీ కూడా ఇది ముందే నేర్పి ఉండాలి.

చోటు మార్చక తప్పకపోతే?

ముందుగా చెప్పండి, పగటిపూట తీసుకెళ్లండి, వీలైతే కొత్త చోటు ఒకసారి చూపించండి. బట్టలు చెత్త సంచిలో మూటగట్టకండి, నిజంగా ఇది ఇప్పటికీ జరుగుతోంది. పాత చోటి నుంచి ఫొటోలు, రిపోర్టు కార్డులు, బొమ్మలు కూడా వెళ్లాలి. సంరక్షణలో పెరిగిన చాలామంది పెద్దయ్యాక చెప్పే లోటు ఇదే, తమకు అయిదేళ్లప్పుడు ఎలా ఉండేవారో చూపే ఒక్క ఫొటో కూడా లేకపోవడం. పిల్ల జీవితాన్ని ఫొటోలతో, మాటలతో దాచిపెట్టే లైఫ్ స్టోరీ పుస్తకం ఇందుకే.

అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను వీలైనంతవరకు విడదీయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు చెబుతాయి. మూడేళ్లలోపు పిల్లలను సంస్థల్లో కాక కుటుంబాల్లో ఉంచాలన్నది కూడా అందులోనే ఉంది. రుమేనియాలోని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లలతో చేసిన పరిశోధనలో ఫోస్టర్ కుటుంబాలకు వెళ్లినవాళ్లు ఆశ్రమాల్లో ఉండిపోయినవాళ్ల కంటే బాగా ఎదిగారు. రెండేళ్లు నిండకముందే వెళ్లిన పిల్లలు కొత్తవాళ్లతో బలమైన అనుబంధం పెంచుకోగలిగారు.

కన్నవాళ్లను కూడా ఇందులో కలపాలా?

పిల్లకు ప్రమాదం లేనంతవరకు కలపాలి. పిల్లముందు వాళ్లను తిట్టొద్దు, ఆకాశానికెత్తొద్దు. ఎంత గాయపరిచినా పిల్లల్లో సగం ప్రేమ వాళ్ల దగ్గరే ఉంటుంది.

పద్దెనిమిది నిండితే?

కాగితం మీద పెద్దవాళ్లవుతారు. సొంత ఇంట్లో పెరిగినవాళ్లను కూడా ఆ పుట్టినరోజు నాడు బ్యాగు చేతికిచ్చి బయటికి పంపం. కనీసం రెండేళ్ల ముందు నుంచి ప్లాన్ మొదలవ్వాలి: ఎక్కడుంటాడు, గుర్తింపు కాగితాలు, బ్యాంకు ఖాతా, చదువో పనో, జ్వరమొస్తే ఫోన్ చేసేది ఎవరికి. చివరి ప్రశ్నకు ఒక పేరు లేకపోతే ప్లాన్ పూర్తికానట్టే. పిల్లల సేవల నుంచి పెద్దల మానసిక వైద్య సేవలకు మారేటప్పుడే చాలామంది చేజారిపోతారు. మొదటి అపాయింట్‌మెంటుకు పాత మనిషి వెంట వెళ్తే ఆ తాడు తెగదు.

వీళ్ల కథలు విని విని నాకే నిద్ర పట్టడం లేదు. ఇది నా బలహీనతా?

కాదు. రోజూ ఈ గాయాల పక్కన నిలబడేవాళ్లకు పీడకలలు రావడం, చిరాకు పెరగడం, ఏమీ అనిపించనట్టు మొద్దుబారిపోవడం అందరికీ తెలిసిన విషయమే, దీనికి సెకండరీ ట్రామా అని పేరు కూడా ఉంది. మీ టీంలో నెలకోసారైనా ఎవరో ఒకరితో నిదానంగా మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. లేకపోతే అడగండి, గట్టిగానే అడగండి. మీరు అలసిపోయి మానేస్తే ఆ పిల్ల ఇంకొక మనిషిని పోగొట్టుకుంటుంది.

నేను రాత్రి డ్యూటీ చేసే చిన్న ఉద్యోగిని. మీటింగుల్లో నా మాట ఎవరు వింటారు?

బూట్లు వేసుకుని పడుకునే అబ్బాయి సంగతి పట్టుకున్నది రాత్రి ఆయానే. ఆమె చదివింది తక్కువ. తనకు కనబడింది కనబడినట్టు ఒక నోటుబుక్కులో రాసిపెట్టేది. "ఈ రోజు కూడా బూట్లతోనే. రెండుసార్లు లేచి తలుపు చూశాడు." అలాంటి పేజీలు మూడు వారాలవి మీటింగులో చదివి వినిపించాక ఫైల్లోంచి మొండివాడన్న మాట కొట్టేశారు. రాత్రిపూట వాణ్ని ఎక్కడికీ తీసుకెళ్లరని సోషల్ వర్కర్ స్వయంగా వచ్చి చెప్పింది. ఆయా వాడి మంచం పక్కనే బూట్లు పెట్టుకోవడానికి ఒక చిన్న పీట వేసింది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. నాలుగు నెలలకు నోటుబుక్కులో ఒక లైను ఉంది: "లేసులు విప్పుకున్నాడు, బూట్లు కాళ్లకే ఉన్నాయి." తర్వాత ఇంకో తొమ్మిది రోజులకు: "పీట మీద పెట్టాడు."

మీరు కూడా ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, టైము, చూసింది చూసినట్టు. మీటింగుకు మిమ్మల్ని పిలవకపోతే ఆ బుక్కు పంపండి.